శుక్రవారం అంబాసిడర్

కువైట్‌లో నా పని రేకు కొట్టడం. ఇక్కడ డెంటర్ అంటారు, మా కడప వైపు టింకరింగ్ మేస్త్రి అంటారు. షువైఖ్‌లో వరసగా ఉండే గ్యారేజీల్లో మాదొకటి. సొట్ట పడిన కారు వస్తుంది, సొట్ట తీస్తాను, వెళ్ళిపోతుంది. అది ఎవరిదో, దేనికి గుద్దుకుందో నాకెవరూ చెప్పరు, నేనూ అడగను.

నా భార్య కూడా ఈ దేశంలోనే ఉంది. ఈ మాట చెబితే ఊళ్ళో వాళ్ళు "ఇంగేమి, ఇద్దరూ ఒకచోటే ఉండారు" అంటారు. ఒకచోటేనట. నేను ఫర్వానియాలో, మంచం మీద మంచం వేసుకున్న మగవాళ్ళ గదిలో ఉంటాను. ఆమె సాల్మియాలో మామా ఇంట్లో పనిచేస్తూ, ఆ ఇంట్లోనే ఇస్త్రీ బల్ల పక్కన పరుపు వేసుకుని పడుకుంటుంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. మా ఇద్దరి మధ్య బస్సులో గట్టిగా గంట దూరం లేదు. మధ్యలో సముద్రం ఉంటే దాన్నైనా తిట్టుకుందును. మాకు అడ్డం ఉన్నది శుక్రవారం.

నా సెలవు శుక్రవారం. ఆమెకు అన్నిటికంటే పెద్ద పనిరోజు కూడా అదే. మధ్యాహ్నం నమాజు అయ్యాక మామా కొడుకులూ కోడళ్ళూ, కూతుళ్ళూ అల్లుళ్ళూ, వాళ్ళ పిల్లలూ అందరూ ఆ ఇంట్లో భోజనానికి దిగుతారు. పొద్దున్నుంచి పెద్ద గుండిగల్లో మచ్‌బూస్, అంటే వీళ్ళ మాంసం అన్నం, వండుతూ ఉండాలి. తిన్న తరవాత ఆ గుండిగలు తోముతూ ఉండాలి. ఎప్పుడో ఒక మంగళవారం సాయంత్రం ఆమెను కాసేపు బయటికి వదులుతారు. ఆ వేళకు నేను ఎవరి కారు కిందనో వెల్లకిలా పడుకుని ఉంటాను. ఊళ్ళో ఉన్న మా అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా అనుకుని వచ్చాం. చదువు సాగుతోంది, మేమూ సాగుతున్నాం, ఫోన్లో.

ఫోనంటే గుర్తొచ్చింది. అందులో నా భార్య ముఖం మాత్రమే కనిపిస్తుంది. అదీ ఎప్పుడూ ఒకటే గోడ ముందు. ఎవరైనా పిలిస్తే ఆ గోడ ఒక్కటే మిగులుతుంది, నేను కాసేపు గోడతోనే ఉంటాను. ఆమె నడుస్తూ ఉండగా చూసి ఎంత కాలమైందో ఒకసారి లెక్కవేయబోయి, బాధనిపించి మానేశాను.

ఇక కారు సంగతి. మా కఫీల్, అంటే గ్యారేజీ యజమాని, నాకంటే వయసులో చిన్నవాడు. మనిషి మంచివాడే, ఒక్క పిచ్చి ఉంది. ఊరు దాటి ఎడారిలోకి పోతే ఒక చిన్న గుండ్రటి ట్రాక్ వస్తుంది. హల్బా అంటారు వీళ్ళు. చలికాలం వచ్చిందంటే చాలు, కుర్రవాళ్ళూ, తమను కుర్రవాళ్ళనుకునేవాళ్ళూ కార్లు తెచ్చి దాని చుట్టూ తిరుగుతారు. ఎక్కడికీ పోరు, బయలుదేరిన చోటికే వస్తారు. మొదటిసారి చూసినప్పుడు దీనికా ఇంత పెట్రోలు అని నవ్వుకున్నాను. తరవాత ఆలోచిస్తే నేను చేసేదీ అదే, గది నుంచి గ్యారేజీకి, గ్యారేజీ నుంచి గదికి. అప్పటి నుంచి వాళ్ళను ఏమీ అనడం మానేశాను.

ఆ కార్లు చూడ్డానికే కార్లు. లోపల ఇనప పైపుల పంజరం, దానికో ఇంజను, ఒక్క సీటు. పైన తొడిగేది ఉత్త రేకు. ఒకరినొకరు రాసుకుంటూ, గుద్దుకుంటూ పోవడమే ఆట. ఆట అయ్యాక పంజరం మిగులుతుంది, రేకు మాత్రం నుజ్జయిపోయి నా దగ్గరకు వస్తుంది. ఈ చలికాలం వాళ్ళలో ఎవరికో కొత్త ఆలోచన వచ్చింది. ఇంజను ఎంత కొత్తదైనా పైన తొడిగే రేకు మాత్రం పాతకాలం కారు రూపంలో ఉండాలన్నారు. కొత్త కార్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి, దూరం నుంచి ఏది ఎవరిదో తెలియడం లేదు, పాత రూపమైతే ఇళ్ళల్లో ముసలివాళ్ళు కూడా చూడ్డానికి వస్తారు అని వాళ్ళ వాదన. పైగా రేకును అమెరికా నుంచి తెప్పించే పని లేదు, ఇక్కడే ఎవడో ఒకడు కొట్టి పెడతాడు. ఆ ఎవడో ఒకడు నేను.

కఫీల్ ఫోన్లో ఒక పాత ఫోటో చూపించాడు. తెల్ల దిష్దాషా, అంటే వీళ్ళ పొడుగాటి అంగీ, వేసుకున్న పెద్దమనిషి, పక్కన పొడుగాటి కారు. అరబీలో సగం, హిందీలో సగం కలిపి చెప్పాడు.

"ఇతను మా తాత. ఇది ఆయన అమెరికా కారు. నాకు ఇలాంటి ఒళ్ళు కావాలి. యల్లా."

యల్లా అంటే ఇక కానివ్వు అని. ఎంత సుళువుగా అన్నాడో. కానీ ఒప్పుకోవాలి, ఆ రోజు నాకు సంతోషమేసింది. ఇన్నేళ్ళుగా ఒకరు పాడు చేసినదాన్ని మళ్ళీ మునుపటిలా చేయడమే నా పని. నేను పని బాగా చేశానంటే, చేసిన ఆనవాలే కనిపించకూడదు. ఇప్పుడు లేనిదాన్ని పుట్టించమన్నారు. తోలు సంచిలో ఇసుక కూరి, దానిమీద రేకు పెట్టి, చెక్క సుత్తితో కొడుతూ పోతే మెల్లగా గుంత పడుతుంది, వంపు తిరుగుతుంది. చిన్నప్పుడు రాయచోటి షెడ్డులో మా మేస్త్రి నేర్పిన పని. ఇక్కడికొచ్చాక దాని అవసరమే రాలేదు. తలుపులు చేశాను, వెనకవైపు చేప రెక్కల మాదిరి పైకి లేచే రెండు రేకులు చేశాను. అవి అచ్చం ఫోటోలో ఉన్నట్టే వచ్చాయి.

చిక్కంతా ముందువైపు వచ్చింది. ఫోటోలో తాత సరిగ్గా కారు ముందుభాగానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన దిష్దాషా వెనక బానెట్ ఎలా ఉందో దేవుడికే తెలియాలి. కఫీల్‌ను అడిగితే "పాత కారుకు ఎలా ఉంటుందో అలా ఉంటుంది" అన్నాడు. ఇదీ జవాబే. ఫోన్లో వెతికితే వంద రకాలు వచ్చాయి, వాటిలో తాతది ఏదో వాళ్ళింట్లో ఎవరికీ గుర్తులేదు. విసుగొచ్చి ఫోను పక్కన పెట్టేసి, చేయి ఎటు పోతే అటు కొట్టుకుంటూ పోయాను.

మా గ్యారేజీలో రంగు వేసే ఆయనది కోనసీమ. నేను ముందు రేకు పంజరానికి తొడిగిన రోజు ఆయన టీ గ్లాసుతో వచ్చి, అటు నడిచి, ఇటు నడిచి, తల పక్కకు వంచి చూశాడు.

"ఏవండీ మేస్త్రిగారూ, ఇది అమెరికా కారాండీ, మా రాజమండ్రి స్టేషను ముందు టాక్సీయాండీ?"

వేళాకోళం అనుకున్నాను. గేటు దాకా వెనక్కి నడిచి, తిరిగి చూశాను. గుండ్రంగా ఉబ్బిన బానెట్, దానికి రెండు పక్కలా చక్రాల మీద లావు బుగ్గలు, మధ్యలో మూసుకున్న నోరు. వెనక నుంచి చూస్తే అమెరికా, ముందు నుంచి చూస్తే అంబాసిడర్. నేను కావాలని చేసింది కాదు. రాయచోటి షెడ్డులో నేను పని నేర్చుకున్నదంతా అంబాసిడర్ల మీదే. పాత కారు అనగానే నా చేతికి తెలిసిన వంపు అదొక్కటే.

అంతటితో ఆగినా బాగుండేది. ఎడమ బుగ్గను చూస్తూ ఉంటే మా పెళ్ళి గుర్తొచ్చింది. మా పెళ్ళికి మేస్త్రి షెడ్డులో ఉన్న అంబాసిడర్‌నే ఇచ్చాడు. దాని ఎడమ బుగ్గ సొట్ట నేనే తీసి, నేనే రంగు పూసి, పెళ్ళికొడుకునై అందులో ఎక్కాను. ఊరేగింపు అయ్యాక ఆమె వైపు తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. నేను దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, అందరి ముందూ తలుపును ఒక్క తన్ను తన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళిలో మా ఇద్దరికీ బాగా గుర్తున్నది అదే. తాళి సంగతి అడిగితే ఇద్దరం తలో రకంగా చెబుతాం.

కఫీల్ వచ్చి చూశాడు. పడీపడీ నవ్వాడు.

"తక్సీ హిందీ" అన్నాడు, అంటే ఇండియా టాక్సీ అని.

నా ముఖం ఎలా పెట్టానో ఏమో, భుజం తట్టాడు. ఈ శుక్రవారమే పోటీ, మళ్ళీ కొట్టే టైము లేదు, ఈ ఒక్కసారికి దీంతోనే తిరుగుతాను, తరవాతది మాత్రం సరైన అమెరికాది చేయి అన్నాడు. ఖలాస్. ఆ కారు ఆయుష్షు ఒక్క శుక్రవారం అని అప్పుడే తేలిపోయింది. ఆ ట్రాక్ మీద మొదటి పోటీ దాటి రేకు రేకుగా మిగలడం నేను చూడలేదు.

అప్పుడు నాకొక కోరిక పుట్టింది. అది నుజ్జయ్యేలోగా నా భార్య దాన్ని చూడాలి. ఫోటో తీసి పంపొచ్చు కదా అంటారు. ఫోటోలు చూసీ చూసీ విసుగొచ్చింది నాకు. మేం ఒకరికొకరం పంపుకునేవన్నీ ఫోటోలే. ఈ ఒక్కటి ఆమె కళ్ళతో చూడాలి. చూసి, నేను చెప్పకుండానే, మన పెళ్ళి కారు అని గుర్తుపట్టాలి. అందుకే ఫోన్లో అంబాసిడర్ అన్న మాటే ఎత్తలేదు.

"మే, ఈ శుక్రవారం నేను చేసిన కారు పోటీకి పోతాంది. వచ్చి చూస్తావా?"

"శుక్రవారమా? నీకేమన్నా పిచ్చా? ఈసారి చిన్న కూతురు అత్తగారోళ్ళు గూడా వస్తాండారంట."

"మామాను అడిగి చూడు."

"అడిగేదానికి నోరు రావల్ల గదా. యాపొద్దు పోతాది కారు?"

"పొద్దున్నే. నమాజు కంటే ముందే."

ఆమె ముఖం పక్కకు జరిగింది. గోడ మాత్రం కనిపించింది.

"మా ఇంటి పక్కన వస్తాదా అది?"

సాల్మియా ఎక్కడ, ట్రాక్ ఎక్కడ. ఒకటి తూర్పు, ఒకటి పడమర అనుకోండి. "వస్తాది" అన్నాను.

"అట్లయితే వంటింటి కిటికీ కాడ నిలబడి చూస్తా. సందులోకి వచ్చినాక ఫోను కొట్టు, ఎత్తను, నాకు తెలుస్తాది."

కార్లు మోసే వించ్ లారీ నడిపేది ఒక పఠాన్. గడ్డానికి గోరింటాకు పెడతాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. శుక్రవారం పొద్దున కారును లారీ ఎక్కించాక, సాల్మియా మీదుగా పోదామా అని హిందీలో అడిగితే, దేనికని అడిగాడు. అబద్ధం చెప్పాలనుకున్నాను, నోరు తిరగలేదు. నా భార్య అక్కడ పనిచేస్తుంది, కారు చూపించాలి అన్నాను. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "నాకైతే చూపించడానికి పెషావర్ దాకా పోవాలి" అన్నాడు. లారీని సాల్మియా వైపు తిప్పాడు.

మామా వాళ్ళది నాలుగంతస్తుల పాత బిల్డింగు. పైన వాళ్ళుంటారు, కింద బాడుగకిచ్చారు. ఇన్నేళ్ళలో నేను దాని గేటు దాటి లోపలికి పోయింది లేదు. వెనక సందులో లారీ ఆపి, బెల్టులు వదులైనట్టు పఠాన్ కిందికి దిగి అటూ ఇటూ లాగడం మొదలుపెట్టాడు. నటన బాగానే చేశాడు. నేను ఫోను కొట్టి పెట్టేశాను. లారీ ఎక్కి కారు బుగ్గ పక్కన నిలబడ్డాను. తలెత్తి చూస్తే గోడ నిండా కిటికీలే. ప్రతి కిటికీ కింద ఏసీ పెట్టె, ప్రతి అద్దమూ మూసే ఉంది. వాటిలో వంటింటి కిటికీ ఏదో నాకు తెలియదని అప్పుడు తట్టింది. నా భార్య రోజంతా ఎక్కడ నిలబడి ఉంటుందో నాకు తెలియదు. ఎండ కళ్ళల్లో పడుతోంది. టోపీ తీసి అన్ని కిటికీలకూ కలిపి ఊపాను.

మూడో అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. పసుపుపచ్చ గుడ్డ ఒకటి బయటికొచ్చి ఊగింది. అంతే, లోపలికి పోయింది. నేను గట్టిగా టోపీ ఊపాను. నవ్వుతున్నానని పఠాన్ ముఖం చూస్తే తెలిసింది, అతనూ నవ్వుతున్నాడు. వెనక ఎవరిదో కారు హారన్ కొట్టింది. బయలుదేరాం.

ట్రాక్ చేరేదాకా నాకు కాళ్ళు భూమ్మీద లేవు. అక్కడ రకరకాల పాత రూపాలు వరసగా నిలబెట్టారు. దిష్దాషాలు వేసుకున్న ముసలివాళ్ళు కుర్చీలేసుకుని కూర్చుని వాటిని చూపించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మా కారును చూసి కుర్రవాళ్ళు "తక్సీ, తక్సీ" అని చేతులు చాపి ఆపుతున్నట్టు ఎగతాళి చేశారు. వేరే రోజైతే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు వాళ్ళను చూసి నేనూ నవ్వాను. వీళ్ళకేం తెలుసు, చూడాల్సిన మనిషి చూసేసింది అనుకున్నాను.

మధ్యాహ్నం పోటీ మొదలైంది. రెండు మూడు చుట్లు బాగానే తిరిగింది. దుమ్ములోంచి ఆ గుండ్రటి ముఖం బయటికొస్తుంటే, కొత్త ఇంజను అరుస్తుంటే, నేనూ కుర్రవాళ్ళతో కలిసి అరిచాను. ఆ తరవాతి మలుపులో వెనక కారు వచ్చి తగిలింది. మాది అడ్డంగా తిరిగి, ముఖంతో పోయి గోడను గుద్దుకుంది. కఫీల్ పంజరంలోంచి క్షేమంగా బయటికొచ్చి జనానికి చేయి ఊపాడు. నేను కారు దగ్గరికి పోయాను. బానెట్ మధ్యకు మడతపడిపోయింది, ఎడమ బుగ్గ ఊడి ఇసుకలో పడి ఉంది. చేత్తో తీసుకున్నాను, ఇంకా వేడిగా ఉంది. ఏడుపొచ్చింది. కానీ ఆమె చూసింది కదా అని కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం గదికి చేరి, ఇంకా బట్టలు మార్చుకోకముందే ఆమె ఫోను వచ్చింది. గుండిగలు తోమడం అప్పుడే అయిందంట. ముఖం వాడిపోయి ఉంది.

"చూసినావా?" అన్నాను.

"చూస్తి. నువ్వు యాటికి చూస్తాంటివి? అంతసేపూ కిటికీలకు టోపీ ఊపుతాంటివి."

"నువ్వు మూడో అంతస్తులోంచి గుడ్డ ఊపితివి గదా, పసుపుపచ్చ గుడ్డ."

"నేను యాడ ఊపితి? మూడో అంతస్తులోనా? వాళ్ళెవరో బాడుగకుండే వాళ్ళు, దుమ్ము దులుపుకుంటాంటారు. వంటింట్లో మామా ఉన్నింది. బట్టలు ఆరేసొస్తానని చెప్పి మిద్దెపైకి పోతి. పిట్టగోడ మీద నుంచి చూస్తాంటి. అరుద్దామంటే కిందోళ్ళకు ఇనపడతాదని నోరు మూసుకుంటి."

ఒకరి దుమ్ము గుడ్డ చూసుకుని నేను రోజంతా మురిసిపోయానన్నమాట. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

"సరేలే. కారు ఎట్లుంది?"

ఫోన్లో ఆమె కళ్ళు కిందికి దిగాయి.

"ముందర పక్క చూసినావా? బానెట్ చూసినావా? దేని మాదిరి ఉంది, చెప్పు."

"ఎర్ర కారు గదా" అంది.

కారు ఆకుపచ్చది. కోనసీమాయన ఏరికోరి వేసిన రంగు.

"మే, నువ్వు కారు చూడలేదు."

"కారు యాడ చూసేది? ఉన్నింది రవ్వంతసేపు. ఆ రవ్వంతసేపూ నిన్నే చూస్తాంటి" అంది. తరవాత మెల్లగా అడిగింది. "ఏమయ్యా, నీకు నడినెత్తిన వెంట్రుకలు పోయినాయి. ఎప్పుడు పోయినాయి?"

పోయాయన్న సంగతే నాకు తెలియదు. గ్యారేజీలో టోపీ, బయట టోపీ, అద్దంలోనూ ఫోన్లోనూ ముఖం. నా నడినెత్తిని ఎవరు చూడాలి? ఒక గదిలో నాతో కాపురముంటే, నేను కింద కూర్చుని అన్నం తినేటప్పుడు వడ్డిస్తూ ఆమె చూసేది. ఒక్కో వెంట్రుకా పోతుంటే ఆమెకే ముందు తెలిసేది. ఎవరో పిలిచారు. గోడ మిగిలింది, తరవాత ఫోను కట్టయింది.

శనివారం గ్యారేజీలో సరైన అమెరికా ముఖానికి కొత్త రేకు సంచి మీద పెట్టాను. సుత్తి ఎత్తే ముందు టోపీ తీసి, ఫోనును తల మీదికి పట్టుకుని ఒక ఫోటో తీసుకున్నాను. ఆమె చెప్పింది నిజమే. అరచేయంత మేర పోయింది.